నేలపట్టు, పులికాట్‌లో వసంతకాలపు పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఉగాది దాకా తిరుపతి జిల్లాలోని పక్షి స్థావరాలు నేలపట్టు, పులికాట్ గురించి వచ్చే సందేహాలు ఏటా దాదాపు ఒకటే. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ఇందులో చెప్పినవి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వర్తిస్తాయి. ఏ ప్రశ్నకైనా నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

మార్చిలో వస్తే పక్షులుంటాయా, అప్పటికే వెళ్ళిపోతాయా?

ఉంటాయి, కానీ ఏ వారంలో వస్తారన్నదాన్ని బట్టి కనిపించేది మారిపోతుంది. ఇక్కడ చెరువులు నింపేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు నీరు చేరాక గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. అంటే ఉత్తరాదిన వసంతంలో గూళ్ళు మొదలయ్యే వేళకు ఇక్కడ పిల్లలు ఎగరడం నేర్చుకుంటుంటాయి.

ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి రెండో వారం దాకా అన్నిటికన్నా మంచి సమయం. గూళ్ళలో ఎదిగిన పిల్లలుంటాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలుంటాయి, వలస బాతులూ ఇంకా కదలవు. మార్చి చివరికి బాతులు బాగా పలచబడతాయి. అయితే ఉల్లంకులు (బురదలో మేసే వలస పక్షులు) జతకట్టే ఈడుకొచ్చి ఎర్రటి రంగుల్లోకి మారేది అప్పుడే కాబట్టి, వాటికోసం వచ్చేవాళ్ళకు ఆ రెండు వారాలే ముఖ్యం. ఏప్రిల్లో పులికాట్ ఉత్తర భాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. తొలిసారి వచ్చేవాళ్ళు ఏప్రిల్ పెట్టుకోకపోవడమే మంచిది.

ఈ ఏడు వానలు సరిగా పడలేదు. అయినా రావచ్చా?

నేలపట్టు చెరువులో నీరు లేకపోతే గూడబాతులు గూళ్ళు కట్టవు. కట్టినా, నీరు ముందే తగ్గిపోతే మధ్యలో వదిలేసి పోతాయి. డిసెంబరు చివర చెరువు ఎలా ఉందో తెలిస్తే మార్చిలో ఏం కనిపిస్తుందో సగం తెలిసినట్టే. బయల్దేరే ముందు అటవీ శాఖ సిబ్బందినో, ఆ వారంలో వెళ్ళొచ్చినవాళ్ళనో “చెట్ల మొదళ్ళ దగ్గర నీళ్ళున్నాయా?” అని అడగండి. “పక్షులున్నాయా?” అని అడిగితే ఎప్పుడైనా ఉన్నాయనే అంటారు.

నేలపట్టు, పులికాట్ రెండూ ఒకటేనా?

కాదు. నేలపట్టు దొరవారిసత్రం దగ్గర ఉన్న మంచినీటి చెరువు, దాన్ని ఆనుకున్న చిట్టడవి. రెండూ కలిపి సుమారు 459 హెక్టార్లు. పులికాట్ సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి సరస్సు. అందులో ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలో, మిగతాది తమిళనాడులో ఉంది. గూడబాతుకు మాత్రం ఈ రెండూ ఒకే ఇల్లు: గూడు నేలపట్టులో, మేత పులికాట్‌లోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే సగమే చూసినట్టు.

బండి లేకుండా ఎలా చేరుకోవాలి?

చెన్నై–గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేట ప్రధాన స్టేషన్. చెన్నై సెంట్రల్ నుంచి లోకల్ రైళ్ళు అక్కడిదాకా వస్తాయి. నెల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు నాయుడుపేట కూడా అనుకూలమే. నేలపట్టు సూళ్లూరుపేటకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు. 16వ నంబరు జాతీయ రహదారి మీద దొరవారిసత్రం దగ్గర దిగి లోపలికి వెళ్ళాలి. పొద్దున్నే ఆటో దొరకడం నమ్మకం లేదు. ముందురోజు సాయంత్రమే సూళ్లూరుపేటలో ఆటో మాట్లాడుకుని, రెండు చోట్లకూ, ఆగి ఉండే సమయానికీ కలిపి బేరం కుదుర్చుకోండి.

ఒక్కరోజే ఉంది. ముందు ఏది చూడాలి?

తెల్లవారేసరికి నేలపట్టు కట్ట మీద ఉండండి. పదిన్నర దాకా అక్కడే గడిపి, ఎండ ముదిరాక సూళ్లూరుపేటకు వచ్చి భోంచేసి, మూడున్నర తర్వాత శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్ళండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పులికాట్ మీద ఎండమావులు లేస్తాయి. దూరంగా ఉన్న ఫ్లెమింగో కాళ్ళు కరిగిపోయినట్టు అలలుగా కనిపిస్తాయి. ఎంత ఖరీదైన బైనాక్యులర్ ఉన్నా అప్పుడు లాభం లేదు.

ఎలాంటి బైనాక్యులర్ కొనాలి?

8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10×42లో పక్షి కొంచెం పెద్దగా కనిపిస్తుంది గానీ, చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, చూపు పరిధి తగ్గుతుంది. ఎగిరే గుంపును పట్టుకోవాలంటే 8 రెట్లే సుఖం. బొమ్మల దుకాణంలో దొరికే “50 రెట్లు” రకాల జోలికి పోవద్దు. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పును కిందికి తిప్పేసి చూడాలి. ఇది తెలియకే చాలామంది “నాకు నల్లగా కనిపిస్తోంది” అంటుంటారు.

పులికాట్‌లో ఉల్లంకుల్ని గుర్తుపట్టాలంటే స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ ఉండాలి. నేలపట్టులో అక్కర్లేదు.

ఏం తెచ్చుకోవాలి?

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, పాదం మూసే బూట్లు. కట్ట పక్కన ఎండుగడ్డిలో రక్తపింజర ఉండొచ్చు కాబట్టి చెప్పులతో దిగొద్దు. తెలుపు, ఎరుపు, మెరిసే బట్టలు వద్దు. ఖాకీ, బూడిద, ముదురాకుపచ్చ మంచివి. చెట్లకు తేనెపట్లు ఉండే చోటు కనుక సెంటు పూసుకుని రావద్దు. తిండి ఇంటినుంచో సూళ్లూరుపేట నుంచో తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లు తిరిగి పట్టుకెళ్ళండి.

## నేలపట్టు చెరువు కట్ట మీద

ఆ చెట్లు నీళ్ళలో నిలబడి ఉన్నాయేంటి? ఆకులకు సున్నం కొట్టినట్టుందేంటి?

అవి కడప చెట్లు. నెలల తరబడి మొదలు నీళ్ళలో మునిగి ఉన్నా బతకగలవు. పక్షులకు అదే కావాలి. చుట్టూ నీళ్ళుంటే నక్కలు, అడవి పిల్లులు గూళ్ళ దాకా రాలేవు. నీరు ఎండి చెట్టు నేలమీదికి వస్తే ఆ రక్షణ పోతుంది.

ఆ తెలుపు రెట్ట. అది నీళ్ళలో పడి కరిగి పొలాలకు పారుతుంది. ఆయకట్టు రైతులకు ఆ నీళ్ళ విలువ తెలుసు, ఎరువు కలిసిన నీళ్ళుగానే చూస్తారు. పక్షులకూ ఊరికీ మధ్య పొత్తు ఇన్నేళ్ళు నిలవడానికి ఇదొక బలమైన కారణం.

గూళ్ళలో చాలా రకాలున్నాయి. ఏ పిల్ల దేనిదో ఎలా తెలుస్తుంది?

ముక్కు చూడండి, రంగు తర్వాత.

గూడబాతు పిల్ల పుట్టినప్పుడు ఒంటిమీద ఈక ఉండదు. తర్వాత తెల్లటి నూగు వస్తుంది, ఎదిగేకొద్దీ రెక్కల మీద గోధుమరంగు ఈకలు పరుచుకుంటాయి. ముక్కు బల్లపరుపుగా, పొడుగ్గా, కింద సంచితో ఉంటుంది. పెద్దవాటికి పై ముక్కు వెంట కనిపించే నల్లచుక్కలు పిల్లకు ఇంకా రావు. నత్తగుల్ల కొంగ (ఓపెన్‌బిల్) పిల్లకు ముక్కు మూసుకునే ఉంటుంది. పెద్దదానికి రెండు దవడల మధ్య కనిపించే సందు వయసుతో ఏర్పడుతుంది. అందుకే దాన్ని చూసి వేరే కొంగ అనుకుంటారు. తెల్ల కంకణం (ఐబిస్) పిల్ల ముక్కు కొడవలిలా కిందికి వంగడం మొదలవుతుంది, పెద్దదానికి మెడా తలా బోసిగా నల్లగా ఉంటాయి. చింత వొక్కు (నైట్ హెరాన్) పిల్ల గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలతో, పెద్దదానితో ఏ పోలికా లేకుండా ఉంటుంది. నీటికాకి పిల్ల నల్లగా, సన్నటి మెడతో, ముక్కు చివర కొక్కెంతో ఉంటుంది.

గూడబాతు పిల్ల గిలగిలా కొట్టుకుంటోంది. చచ్చిపోతోందా?

చాలావరకు కాదు. మేతకు ముందో తర్వాతో గూడబాతు పిల్లలు తల ఊపుతూ, రెక్కలు కొట్టుకుంటూ, ఒక్కోసారి సొమ్మసిల్లినట్టు పడిపోతాయి. తల్లిదండ్రుల దృష్టి తనవైపే తిప్పుకునే తీరిది. కాసేపటికి లేచి కూర్చుంటుంది. అరగంట గమనించినా తల ఎత్తకపోతే, ఆ చెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పండి.

గొంతు కింది సంచి ఆగకుండా వణుకుతోంది. జబ్బా?

ఎండ. పక్షులకు చెమట పట్టదు. గూడబాతు నోరు కొద్దిగా తెరిచి సంచిని అదిలిస్తే అందులోని తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. నత్తగుల్ల కొంగలు వేరే పని చేస్తాయి, తమ కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటాయి. మధ్యాహ్నం వాటి కాళ్ళు తెల్లగా కనిపిస్తే అది జాతి లక్షణం కాదు, ఎండిన రెట్ట.

పెద్ద పక్షి రెక్కలు సగం విప్పి కదలకుండా ఎందుకు నిలబడింది?

పిల్లకు నీడ పడుతోంది. మార్చి ఎండలో ఈక రాని పిల్ల ఎక్కువసేపు తట్టుకోలేదు. జనం అరిచినా, చప్పట్లు కొట్టినా, కట్ట దిగి నీటి అంచుకు వెళ్ళినా పెద్దవి లేచిపోతాయి. అవి తిరిగొచ్చేలోపు పిల్ల ఎండకు వాడిపోతుంది, కాకులు గుడ్లు పొడుస్తాయి. “ఒక్కసారి ఎగిరితే చూడాలని ఉంది” అని రాయి విసిరేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తుంటారు. అలాంటివాళ్ళను అక్కడికక్కడే ఆపండి, మొహమాటపడొద్దు.

కింద పడిన పిల్లను గూట్లో పెట్టొచ్చా?

వద్దు. ఎక్కితే పక్క గూళ్ళన్నీ చెదిరిపోతాయి. చేతుల్లోకి తీసుకోవద్దు, నీళ్ళు తాగించొద్దు, చేప పెట్టొద్దు. అటవీ శాఖ సిబ్బందికి చూపించి పక్కకు తప్పుకోండి. ఎగరడం నేర్చుకుంటున్న పెద్ద పిల్ల అయితే నీళ్ళ మీద దిగి తేలుతూ ఉండొచ్చు. దానికి సాయం అక్కర్లేదు.

పదింటికల్లా పెద్ద గూడబాతులన్నీ పైకి లేచి ఎటో పోతున్నాయి. ఎక్కడికి?

మేతకు. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద రెక్కలాడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు వెళ్ళి, అక్కడినుంచి పులికాట్ వైపో ఇంకో చెరువు వైపో జారుకుంటాయి. అంత బరువైన పక్షి రెక్కలు కొడుతూ రోజూ అన్ని కిలోమీటర్లు పోవాలంటే తిన్నదంతా దారికే సరిపోతుంది. వాచ్ టవర్ ఎక్కి తొమ్మిది, పదిన్నర మధ్య ఆకాశం చూడండి. చాలామంది అప్పటికే బయటికి నడుస్తుంటారు, అసలైన దృశ్యం పోగొట్టుకుంటారు.

## పులికాట్ రోడ్డు మీద

ఫ్లెమింగోలు ఎక్కడ కనిపిస్తాయి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యనుంచి పోతుంది. అటకానితిప్ప చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా వెతకండి. చోటు రోజూ ఒకటే ఉండదు, నీరు మోకాలి లోతుకు తగ్గిన మేరకు గుంపు జరుగుతూ పోతుంది. ఫిబ్రవరిలో చెల్లాచెదురుగా ఉన్నవే మార్చిలో మిగిలిన మడుగుల దగ్గర ఒకచోట చేరతాయి.

ముందు దూరంగా లేత గులాబీ గీత కోసం చూసి, ఆ తర్వాత బైనాక్యులర్ ఎత్తండి. గుంపులో బూడిద గోధుమరంగువి కనిపిస్తే అవి పిల్లలు. మేతలోని ఎర్రటి వర్ణకం ఒంటికి పట్టి గులాబీ రంగు రావడానికి ఏళ్ళు పడుతుంది.

రోడ్డుకు ఏ పక్క చూస్తే వెలుగు బాగుంటుంది?

ఉత్తరం పక్క. రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. ఫిబ్రవరి, మార్చిలో సూర్యుడు రోజంతా కాస్త దక్షిణంగానే తిరుగుతాడు కాబట్టి ఉత్తరానికి తిరిగితే వెలుగు వెనకనుంచి పడుతుంది. దక్షిణం పక్కన ఉన్నవి నల్లటి నీడబొమ్మల్లా కనిపిస్తాయి. సూర్యాస్తమయం ఫోటోలకు అదే బాగుంటుంది, గుర్తుపట్టడానికి పనికిరాదు.

దగ్గరికి నడిచి వెళ్ళొచ్చా?

వద్దు, రెండు కారణాలు. పైన ఎండిన పొరలా కనిపించే బురద కింద మెత్తగా ఉంటుంది, మోకాలిదాకా దిగబడిపోతారు. రెండోది, ఉత్తరాన గూళ్ళు కట్టబోయే ఉల్లంకులు ఈ నెలల్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. ప్రతిసారీ లేచి ఎగరడం ఆ కూడబెట్టినదాన్ని ఖర్చు చేయించడమే.

ఫ్లెమింగోలు తల పైకెత్తి, మెడ నిటారుగా పెట్టి, అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలుపెట్టాయంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారు. అక్కడే ఆగండి. కారును వెడల్పైన అంచున ఆపి, ఇంజన్ కట్టేసి, లోపలినుంచే చూస్తే అవే మెల్లగా దగ్గరికి మేస్తూ వస్తాయి. రోడ్డు మీద శ్రీహరికోట బస్సులు వేగంగా వస్తుంటాయి కాబట్టి తారు మీద ఆపొద్దు.

ఫ్లెమింగోల గుంపంతా మెడలు అటూ ఇటూ తిప్పుతూ కవాతు చేస్తున్నాయి. ఇక్కడే గుడ్లు పెడతాయా?

పెట్టవు. జత కట్టే ముందు చేసే సామూహిక నృత్యమది: మెడలు చాచి తలలు చకచకా తిప్పడం, ఒక్కసారిగా రెక్కలు విప్పి ఎరుపూ నలుపూ చూపడం, దగ్గరగా గుమిగూడి నడవడం. ఫిబ్రవరి, మార్చిలో కనిపిస్తుంది. మన దేశంలో వీటి పెద్ద గూళ్ళ స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్. నృత్యం చూడాలంటే కనీసం గంటసేపు ఒకేచోట కూర్చోవాలి.

అక్కడ ఫోటోలు తీయనిస్తారా?

సరస్సునూ పక్షుల్నీ తీయొచ్చు. సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం గేటు, భద్రతా సిబ్బంది, కట్టడాల వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ అసలు తేవద్దు. అది రక్షిత ప్రాంతం, అభయారణ్యం కూడా. పైగా పైనుంచి నీడ వస్తే పక్షులకు గద్ద వచ్చినట్టే.

ఫ్లెమింగో పండగకు వస్తే మంచిదా?

2001లో మొదలైన ఈ పండగ మామూలుగా జనవరిలో సూళ్లూరుపేటలో జరుగుతుంది. పిల్లలకు పరిచయం చేయడానికి బాగుంటుంది, బస్సులూ మార్గదర్శులూ దొరుకుతారు. ప్రశాంతంగా పక్షులు చూడటానికి మాత్రం ఫిబ్రవరి మధ్యలో పనిదినం ఎంచుకోండి.

## గుర్తుపట్టడంలో చిక్కులు

తెల్లకొంగలన్నీ ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా?

చిన్న తెల్లకొంగకు నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, పసుపు వేళ్ళు. బురదలోంచి కాలెత్తేదాకా ఆగితే వేళ్ళు కనిపిస్తాయి. పెద్ద తెల్లకొంగకు మెడలో గట్టి మెలిక ఉంటుంది, నోటి చీలిక గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్యరకం దానికి ఆ గీత కంటి కిందే ఆగుతుంది. పొలాల్లో పశువుల వెంట తిరిగే దానికి ముక్కు పొట్టిగా పసుపుగా ఉంటుంది, మార్చి నుంచి తలా మెడా నారింజరంగుకు తిరుగుతాయి. ముక్కు రంగు ఒక్కదాన్నే నమ్మొద్దు. ఈడుకొచ్చినప్పుడు పెద్ద తెల్లకొంగ పసుపు ముక్కు నల్లబడుతుంది.

శీతాకాలంలో బూడిదరంగులో చూసిన ఉల్లంకి ఇప్పుడు ఎర్రగా ఉంది. వేరే పక్షా?

అదే పక్షి, ఈకలు మార్చుకుంది. మార్చి చివరికి తొండు ఉల్లంకి మెడ, ఎద ఇటుకరంగుకు వస్తాయి. ఎగిరినప్పుడు రెక్కమీద తెల్లపట్టీ, తోక చివర నలుపు మాత్రం ఏ కాలంలోనైనా ఉంటాయి. కొడవలి ముక్కు చిన్న ఉల్లంకి ఒళ్ళంతా ముదురెరుపు అవుతుంది. అది గుడ్లు పెట్టేది సైబీరియా టండ్రాలో. గోధుమతల సముద్రపు కాకికి (గల్) శీతాకాలంలో చెవి దగ్గర చుక్కే ఉంటుంది, ఇప్పుడు తలంతా ముసుగు వేసినట్టవుతుంది. మారడం సగంలో ఉన్నవి మచ్చలు మచ్చలుగా ఉంటాయి. అప్పుడు రంగు వదిలేసి ముక్కు పొడవు, కాళ్ళ పొడవు, నడిచే తీరు చూడండి.

## పక్షులు కాకుండా

ఇంకే జంతువులు కనిపిస్తాయి?

నేలపట్టు చిట్టడవిలో దేవాంగ పిల్లి (లోరిస్) ఉంది, కానీ అది రాత్రి తిరిగే జీవి. పగలు వచ్చినవాళ్ళకు కనిపిస్తుందని ఆశపడొద్దు, చూపిస్తామని టార్చి పట్టుకొచ్చేవాళ్ళ వెంట పోవద్దు. నక్కలు, అడవి పిల్లులు, నక్షత్ర తాబేళ్ళూ ఉన్నాయి. దారిలో తాబేలు కనిపిస్తే ఎత్తొద్దు. ఇంటికి తీసుకెళ్ళడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. ఆ పొదల్లోనే ఎండ ముదరకముందు పాలపిట్ట, కంసాలిపిట్ట, తోకపిగిలి పిట్ట దొరుకుతాయి. చెరువుకే అతుక్కుపోయినవాళ్ళు వీటిని చూడకుండా పోతారు.

## ఫోటోలు, లెక్కలు

తెల్ల పక్షుల ఈకల వివరం పోయి, తెల్ల మచ్చలా వస్తోంది. ఏం చేయాలి?

వెనక ముదురు ఆకులు ఎక్కువగా ఉంటే కెమెరా మొత్తం చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండొంతులు తగ్గించండి. ఫ్రేమంతా తెల్ల పక్షే నిండితే దానికి వ్యతిరేకంగా కొంచెం పెంచాలి. ఎగిరేవాటికి షట్టర్ సెకనులో 1600వ వంతు ఉంచండి. 400 మిల్లీమీటర్ల లెన్సు నేలపట్టుకు చాలు, పులికాట్‌కు ఒక్కోసారి చాలదు.

ఫోన్లో పక్షి కూత వినిపించి దగ్గరికి పిలవొచ్చా?

వద్దు. ఈడు కాలంలో శత్రువు వచ్చిందనుకుని మేత మాని దానితో పోరాడటానికి వస్తుంది. కూత విని గుర్తుపట్టడానికి ఆప్ వాడుకోవచ్చు, ఇయర్‌ఫోన్ పెట్టుకుని.

వేలల్లో ఉన్న గుంపును ఎలా లెక్కపెట్టాలి?

ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. ఆ ముక్కతో వంద కొలవండి, వంద ముక్కతో మిగతా గుంపును. ఒక చివర నుంచి, మళ్ళీ ఇంకో చివర నుంచి లెక్కపెట్టి రెంటి సగటు రాయండి. “చాలా ఉన్నాయి” అని రాస్తే ఎవరికీ పనికిరాదు, “సుమారు 600” పనికొస్తుంది. ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్) నేలపట్టుకు ఒక జాబితా, పులికాట్‌కు వేరే జాబితా పెట్టండి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరిగే ప్రపంచవ్యాప్త పెరటి పక్షుల లెక్కింపులో కూడా ఈ జాబితాలు చేరతాయి.

ఒక పక్షి కాలికి రంగు జెండా, కడియం ఉన్నాయి. ఎవరికి చెప్పాలి?

ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు అన్నది వెంటనే రాసుకోండి. ఎడమ కుడి పక్షివి, మీవి కావు. ఫోటో మసకగా ఉన్నా తీయండి. తేదీ, చోటు కలిపి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే, ఆ పక్షికి కడియం ఎక్కడ వేశారో తెలుసుకోవచ్చు. చనిపోయిన పక్షికి కడియం కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి సిబ్బందికి చెప్పండి. ఒకేచోట రెండు మూడు పక్షులు చచ్చి కనిపిస్తే అది వెంటనే అటవీ శాఖకూ పశుసంవర్ధక శాఖకూ తెలియాల్సిన విషయం.